ఆవగింజ చుట్టాలు

ఆవ, మునగ, బొప్పాయి - ఈ మూడూ ఒకే వంశానికి చెందినవంటే మీలో ఎంతమంది నమ్ముతారు? ఆవ ఒక్క పంటకాలంతో ఆయువు తీరిపోయే చిన్న మొక్క. మునగ పెరటి చెట్టు. గట్టి గాలికే కొమ్మ విరుగుతుంది, విరిగిన కొమ్మను పాతితే మళ్ళీ చిగురిస్తుంది. బొప్పాయి సంగతి చెప్పనే అక్కరలేదు. నిలువు కాండం, నెత్తిన గొడుగులా ఆకులు, మెడ చుట్టూ కాయలు. ఆవ పువ్వుకు నాలుగు రేకులు, మునగ పువ్వుకు ఐదు. ఒకదాని కాయ సూదిలా సన్నం, ఒకదాని కాయ మూరెడు పొడవు, ఒకదాని కాయ చిన్న కుండంత. వీటిని పక్కపక్కన నిలబెట్టి చూస్తే చుట్టరికం మాట ఎవరికీ తోచదు.

పేర్లలోనూ పోలిక లేదు. మనం ఆవాలు అనే వాటిని కన్నడిగులు సాసివె అంటారు, తమిళులు కడుగు అంటారు, మరాఠీవారు మోహరి అంటారు, ఒడియావారు సోరిష అంటారు. మునగ కన్నడంలో నుగ్గె, తమిళంలో మురుంగై, మరాఠీలో శేవగా, ఒడియాలో సజనా. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా ఇంట్లో ఒక పేరు, బజారులో ఒక పేరు వింటూనే పెరుగుతున్నారు. ఏ భాషలో వెదికినా ఆవకూ మునగకూ చుట్టరికం చెప్పే పేరు నాకు కనబడలేదు.

చాలాకాలం వృక్షశాస్త్రజ్ఞులు కూడా కంటితో చూసే చెట్లను వర్గాలుగా విడదీశారు. పువ్వుకు రేకులెన్ని, కేసరాలెన్ని, అండాశయం రేకులకు పైన ఉందా కింద ఉందా అని లెక్క పెట్టేవారు. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1753లో అచ్చువేసిన గ్రంథంలో ఆవ కుటుంబాన్ని చక్కగా గుర్తించాడు. నాలుగు పొడవు కేసరాలు, రెండు పొట్టి కేసరాలు ఉన్న పువ్వులన్నిటినీ ఒక తరగతిగా పెట్టాడు. ముల్లంగి, క్యాబేజీ, ఆవ అన్నీ అందులోకి వచ్చాయి. కాని మునగ దగ్గరికి వచ్చేసరికి ఆ మహానుభావుడు దాన్ని గచ్చకాయ కోవలో చేర్చాడు. కాయను, ఆకును చూస్తే చిక్కుడు, చింత, గచ్చకాయల వరస అనిపించడం సహజమే. తరవాతివాళ్ళు మునగను అక్కడ నుంచి తీశారు గాని ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోయారు. బొప్పాయిని తీసుకువెళ్ళి కృష్ణకమలం తీగ పక్కన కూర్చోబెట్టారు.

ఇప్పుడు కాసేపు వృక్షశాస్త్రం పక్కన పెట్టి వంటింట్లోకి వెళదాం.

మాది హోసూరు ప్రాంతం. మా తాతముత్తాతలు అక్కడ ఎన్నో తరాలుగా ఉన్నవాళ్ళు. అయినా వేసవి వస్తే మా ఇంట ఆవకాయ పెట్టాల్సిందే. అమ్మమ్మ ఎండబెట్టిన ఆవాలను రోట్లో పోసి దంపేది. పొడిగా దంపినంతసేపు వాసన అంతంత మాత్రమే. ఆ పొడిలో ఒక్క చుక్క నీరు తగిలిందంటే మాత్రం ముక్కులోకి ఘాటు ఎక్కి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పెళ్ళిళ్ళలో ఆవ పెట్టిన అరటికాయ కూర చేసేటప్పుడు ఆమె మా అమ్మకు ఒకటే మాట చెప్పేది. "పొయ్యి మీద ఉండగా ఆవముద్ద వెయ్యకమ్మా, దించి చల్లారినాక కలుపు." ఎందుకని అడిగితే, "చేదెక్కుతుంది, ఘాటు పోతుంది" అనేది. అంతకు మించి కారణం ఆమెకు అక్కర లేదు. తాళింపులో చిటపటలాడిన ఆవాలను ఒకసారి నమిలి చూడండి. కమ్మగా ఉంటాయి గాని ఘాటు ఉండదు.

ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. గింజలో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఉంటాయి. వాటిలో చక్కెర, గంధకం, నత్రజని ఉంటాయి. వాటికి వాసన లేదు. మైరోసినేజ్ అనే ఎంజైము అదే గింజలో వేరే కణాలలో ఉంటుంది. రెండూ పక్క పక్క ఇళ్ళలో ఉన్నా మధ్య గోడ ఉన్నంతవరకు కలుసుకోవు. పురుగు కొరికినా, రోకలి పోటు పడినా, మన పన్ను తగిలినా ఆ గోడ పగులుతుంది. తడి తోడైతే ఎంజైము తన పని మొదలుపెడుతుంది. అప్పుడు పుట్టేదే ముక్కును మండించే ఆవనూనె ఘాటు. వేడి తగిలితే ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు కూడా ఆవిరితో ఎగిరిపోతుంది. అమ్మమ్మ మాటకు అదీ కారణం. ఫ్రాన్సులో బుస్సీ అనే శాస్త్రజ్ఞుడు 1840లోనే నల్ల ఆవాల నుంచి ఈ రెండిటినీ విడదీసి చూపించాడు. తనను తినవచ్చిన పురుగును తరమడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. మనమేమో దాన్నే ఊరగాయగా పెట్టుకుని లొట్టలు వేస్తున్నాం.

ఈ గ్లూకోసినోలేట్లు అన్ని మొక్కలలోనూ ఉండవు. లోకంలో లక్షల రకాల పూల మొక్కలుంటే, వీటిని తయారుచేయగలిగినవి వాటిలో కొద్ది భాగమే. మరి అవి ఏవి? ఆవ, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ సరే సరి. వానాకాలంలో చేలగట్ల మీద మొలిచే వామింట, కుక్కవామింటలో ఉన్నాయి. ముళ్ళ తీగ ఆదొండలో ఉన్నాయి. చెరువుగట్టు ఉలిమిరి చెట్టు కూడా ఆ కోవదే. కొందరు పళ్ళు తోముకునే మిస్వాక్ పుల్లల చెట్టులో ఉన్నాయి. మునగలో ఉన్నాయి. బొప్పాయి గింజలో ఉన్నాయి! బొప్పాయి పండు కోసినప్పుడు గింజ ఒకటి వేళ్ళ మధ్య నలిపి వాసన చూడండి. ముల్లంగి వాసన తెలుస్తుంది. మునగ వేరుకైతే ఆ ఘాటు మరీ ఎక్కువ. ఇక్కడి ఇంగ్లీషువాళ్ళు తమ దేశపు హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంపకు బదులుగా మునగ వేరును వాడుకుని, చెట్టుకే ఆ పేరు పెట్టారు. మీరు మాత్రం ఆ వేరును వాసన చూడండి గాని రుచి చూడకండి. దాని బెరడులో విషపదార్థాలున్నాయి.

మొక్కల లోపలి పదార్థాలను పరీక్షించి వాటి చుట్టరికాన్ని తెలుసుకునే ఈ పద్ధతిని రసాయన వర్గీకరణ అంటారు. ఆలోచన కొత్తది కాదు. స్విట్జర్లాండుకు చెందిన డికాండోల్ 1804లోనే మొక్కల ఔషధ గుణాలను వాటి బాహ్యరూపంతోను, వంశంతోను పోల్చి ఒక గ్రంథం రాశాడు. ఒక వంశపు మొక్కలకు ఒకే రకం గుణాలు ఉండడం ఆయన గమనించాడు. అయితే గుణం ఉందని చెప్పడం వేరు, ఆ గుణాన్నిచ్చే పదార్థాన్ని విడదీసి చూపడం వేరు. ఆ రెండో పనికి రసాయనశాస్త్రం ఎదిగి రావలసి వచ్చింది. డెన్మార్కులో పనిచేసిన రోల్ఫ్ డాల్‌గ్రెన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1975లో సాహసం చేశాడు. పువ్వుల లెక్కలు ఎలా ఉన్నా సరే, ఆవఘాటు ఉన్న కుటుంబాలను దాదాపు అన్నిటినీ తీసుకువచ్చి ఒకే క్రమంలో పెట్టాడు. ఆవ పక్కన మునగ, మునగ పక్కన బొప్పాయి. ఒక్క రసాయనాన్ని పట్టుకుని ఇంత పెద్ద కుటుంబం కట్టడమేమిటని ఆక్షేపించినవాళ్ళున్నారు. ఆయన 1987లో కన్నుమూశాడు. 1990ల్లో డి.ఎన్.ఎ. ద్వారా చుట్టరికాలు తేల్చే విద్య వచ్చింది. ఆ పరీక్షలలో ఆయన చెప్పింది దాదాపు అక్షరాలా నిజమని తేలింది. చూడడానికి ఆయన లేడు.

మనుషులకు ఇంత ఆలస్యంగా తెలిసిన సంగతి సీతాకోకచిలుకలకు ఎప్పుడో తెలుసు. క్యాబేజీ ఆకులు తినే తెల్ల సీతాకోకచిలుక గొంగళిపురుగులను హాలెండులో వెర్షాఫెల్ట్ అనే ఆయన 1910లో పరీక్షించాడు. అవి ముట్టని ఆకులకు ఆవ పదార్థం పూస్తే తినసాగాయి. అంటే వాటికి ఆకు రూపంతో పని లేదు, లోపలి పదార్థమే గుర్తు. పురుగులను తరమడానికి పెట్టుకున్న ఘాటే ఈ ఒక్క పురుగుకు విందు పిలుపు అయింది. మన వైపు ఆదొండ తీగల చుట్టూ తిరిగే తెల్ల సీతాకోకచిలుకలదీ అదే వంశం.

ఈ పాఠం పుస్తకంలో చేర్చాలా వద్దా అని మా పాఠ్యపుస్తక సంఘంలో చర్చ జరిగింది. ఇది విజ్ఞానశాస్త్ర పుస్తకంలో ఉండవలసింది కదా, తెలుగు వాచకంలో ఎందుకని కొందరు అన్నారు. నాకు ఈ విషయం మొదట చెప్పింది వృక్షశాస్త్రం బోధించే ఒక అధ్యాపకురాలు. ఆవిడ మధ్యాహ్నభోజనం వేళ సాంబారులోని మునక్కాడ ముక్క చేతిలోకి తీసుకుని, "మాస్టారూ, ఇది మీ ఆవకాయకు పినతండ్రి వరస" అన్నారు. నేను నవ్వి ఊరుకోలేదు. "అలా ఎలా చెబుతారు మేడం? మేము భాషల చుట్టరికం తేల్చినట్టే తేలుస్తారా?" అని అడిగాను. ఆ రోజు మా భోజనాలు పూర్తయ్యేసరికి మూడు గంటలైంది.

భాషల చుట్టరికం అన్నానే, అది కొంచెం వివరించాలి. మన మాటల్లో బస్సు, రైలు, స్కూలు ఉన్నాయి. అంతమాత్రాన తెలుగు ఇంగ్లీషుకు చుట్టం కాదు. సంస్కృత పదాలు వేలకొద్దీ ఉన్నాయి. అందువల్ల తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. మద్రాసులో కలెక్టరుగా పనిచేసిన ఎల్లిస్ 1816లో, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో, అది సరి కాదని నిరూపించాడు. అరువు తెచ్చుకున్న మాటలను పక్కన పెట్టి ధాతువులను, ఇంటి మాటలను పరిశీలించాడు. మన కన్ను తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు. మన మూడు కన్నడంలో మూరు, తమిళంలో మూన్ఱు. ఇవి బజారులో కొనితెచ్చుకున్న మాటలు కావు. ఒక ఇంట్లో పుట్టినవి. ఆ తరవాత 1856లో కాల్డ్‌వెల్ ఈ కుటుంబానికంతటికీ వ్యాకరణం రాశాడు. మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, తెలుగు తన పక్కింటి తమిళ కన్నడాల కన్నా గోండీ, కుయి, కువి భాషలకు మరింత దగ్గర అని చూపించారు. ఒడిశాలో, మహారాష్ట్రలో చదువుకుంటున్న పిల్లలు ఈ మాట గమనించాలి. మీ జిల్లా కొండల్లోనో పక్క జిల్లా అడవుల్లోనో ఆ భాషలు మాట్లాడేవారు ఉండవచ్చు. వారి మాట మీకు అర్థం కాకపోవచ్చు. అయినా వారి భాష మీ భాషకు తోబుట్టువు. పైకి ఆవకూ మునగకూ ఉన్నంత దూరం, లోపల అంత దగ్గర.

అధ్యాపకురాలు అంతా విని, "మరి మీ భాషల్లో కాకతాళీయపు పోలికలు రావా?" అని అడిగారు. వస్తాయి. ఉర్దూలో బద్ అంటే చెడ్డ. బద్‌నామ్ అనే మాట మీరు విని ఉంటారు. ఇంగ్లీషులోనూ బ్యాడ్ అంటే చెడ్డే. ధ్వనీ అర్థమూ రెండూ కలిశాయి. అయినా ఈ రెండు మాటలూ వేరువేరు మూలాల నుంచి వచ్చి యాదృచ్ఛికంగా ఒకటైనవే గాని ఒకటి మరొకదాని చుట్టం కాదని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు.

"మాకూ అలాంటి చెట్టు ఒకటి ఉంది" అని ఆవిడ పుత్రజీవి కథ చెప్పారు. రోడ్ల పక్కన నీడకు పెంచే నిగనిగలాడే ఆకుల చెట్టు అది. దాని గింజలను దండ గుచ్చి పిల్లల మెడలో వేయడం పాత ఆచారం, పేరు కూడా అందుకే. ఆ గింజ పగలగొడితే అచ్చం ఆవ వాసన. లోపల ఉన్నవి గ్లూకోసినోలేట్లే. వాసనను నమ్మి దాన్నీ ఆవ వంశంలో కలిపేయాలి. కాని 1990ల్లో డి.ఎన్.ఎ. పరీక్ష చేసినప్పుడు పుత్రజీవి, దాని దగ్గరి బంధువులు ఎక్కడో దూరంగా, ఆముదం ఉన్న వైపు తేలాయి. అంటే ఆవఘాటు తయారుచేసే విద్యను చెట్లు రెండుసార్లు, ఒకదానికొకటి సంబంధం లేకుండా నేర్చుకున్నాయన్నమాట. వాటి బద్, బ్యాడ్ ఇదే. ఇందులో తమాషా ఏమిటంటే, ఆవ వంశపు మొక్కల మీద బతికే తెల్ల సీతాకోకచిలుకల జాతివే కొన్ని పుత్రజీవి ఆకుల మీద కూడా గుడ్లు పెడతాయి. వాటికి వంశవృక్షంతో పని లేదు కదా, ఆకలి తీరితే చాలు.

అందుకే ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదని నా అభిప్రాయం. మొక్కకైనా, మాటకైనా.

ఘాటు ముక్కుకు తెలుస్తుంది. రంగు కంటికి తెలుస్తుంది కాబట్టి మీకు మరింత సులువు. ఎర్రని రంగులన్నీ ఒకటే అనుకుంటాం. మందారం ఎరుపు, నేరేడుపండు ఊదా, వంకాయ తొక్క నిగనిగ, శంఖపుష్పం నీలం - ఇవన్నీ ఆంథోసయనిన్లు అనే ఒక జాతి రంగులు. బీట్‌రూట్ ఎరుపు అలాంటిది కాదు. దాని రంగు బీటాలెయిన్ల జాతి. ఆంథోసయనిన్లలో నత్రజని లేదు, బీటాలెయిన్లలో ఉంది. ఈ పేరును మాబ్రీ, డ్రైడింగ్ అనే శాస్త్రజ్ఞులు 1968లో పెట్టారు. ఎర్ర తోటకూర, బచ్చలిపండ్ల రసం, కాగితంపూలు, సాయంత్రం విచ్చే చంద్రకాంతలు, కోడిజుట్టు పూలు, నాగజెముడు పండు - వీటన్నిటి ఎరుపూ బీట్‌రూట్ ఎరుపే. బచ్చలిపండ్లు చిదిమి సిరాగా రాసుకున్న పిల్లలు మీలోనూ ఉండి ఉంటారు. ఈ రెండు జాతుల రంగులూ కలిసి ఒకే మొక్కలో సహజంగా ఉండగా ఇంతవరకు ఎవరూ చూడలేదు.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. మందారపు రేకులను వేడినీటిలో వేసి రంగు దించండి. ఒక గిన్నెలో బీట్‌రూట్ రసం తీసుకోండి. రెండింటిలోనూ నిమ్మరసం పిండి చూడండి. మందారం ఎరుపు మరింత మెరుస్తుంది. బీట్‌రూట్ పెద్దగా మారదు. ఇప్పుడు వేరే గిన్నెల్లో తమలపాకుకు రాసే సున్నం కలిపిన నీటి తేటను పెద్దవాళ్ళ చేత పోయించండి. సున్నం కళ్ళలో పడితే ప్రమాదం, మీరుగా ముట్టవద్దు. మందారం ఆకుపచ్చకు తిరుగుతుంది. బీట్‌రూట్ ఎరుపు విరిగి పసుపు రంగుకు వస్తుంది. కంటికి ఒకేలా ఉన్న రెండు ఎరుపులు నిజానికి ఒకటి కావని ఆ సున్నపు తేట చెబుతుంది.

నాగజెముడు వంశం ఎవరికి చెందుతుందని శాస్త్రజ్ఞులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. ఆకులు లేవు, ఒళ్ళంతా ముళ్ళు, పువ్వులో లెక్కలేనన్ని రేకులు. దాన్ని విడిగా ఒక వర్గంగా పెట్టినవారున్నారు. దాని రంగు బీటాలెయిన్ అని తెలిశాక తోటకూర, చంద్రకాంతల వరసలో నిలబెట్టడానికి బలమైన సాక్ష్యం దొరికింది. ఎడారి ముళ్ళ మొక్క మన పెరటి తోటకూరకు చుట్టమైంది. కాని ఇక్కడ కూడా ఒక పేచీ ఉంది. కార్నేషన్ పూల కుటుంబం మిగతా లక్షణాలన్నిటా ఈ వరసదే, రంగు మాత్రం ఆంథోసయనిన్. రంగు వేరు కాబట్టి దాన్ని బయట పెట్టాలని రసాయనం వైపువారు, పువ్వూ గింజా కలిశాయి కాబట్టి లోపలే ఉంచాలని రూపం వైపువారు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. డి.ఎన్.ఎ. వచ్చి కార్నేషన్‌ను లోపలే ఉంచింది.

దగ్గర దగ్గర జాతుల సంగతి వచ్చేసరికి ఈ విద్య మరింత పదును చూపుతుంది. అమెరికాలోని టెక్సాస్‌లో బాప్టీసియా అనే పూల మొక్కలున్నాయి. పక్క పక్కన పెరిగే రెండు జాతులు కలిసి సంకర మొక్కలు పుడుతూ, ఏది ఏ జంట సంతానమో తెలియక చిక్కుగా ఉండేది. ఆల్‌స్టన్, టర్నర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆకుల రసాన్ని కాగితం మీద పాకించి చుక్కలుగా విడదీశారు. సంకర మొక్కలలో తల్లి చుక్కలు, తండ్రి చుక్కలు రెండూ కనిపించాయి. ఈ విద్య మీద వారు 1963లో ఒక గ్రంథమే రాశారు. మన దేశంలో పూల రంగుల మీద ఇలాంటి శ్రద్ధతో పనిచేసిన టి.ఆర్. శేషాద్రిగారు తమిళనాట పుట్టి వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాస్త్ర శాఖను నడిపారు. పత్తి పూలలోని పసుపు పదార్థాలను ఆయన, ఆయన శిష్యులు అక్కడే విడదీశారు.

చుట్టరికం తెలిస్తే ఏమిటి, తెలియకపోతే ఏమిటి అని మీరు అడగవచ్చు. బ్రహ్మదండి మాట చెబుతాను.

బీడుభూముల్లో, రైలుకట్టల పక్కన ముళ్ళ ఆకులతో, పసుపు పువ్వులతో ఒక మొక్క ఉంటుంది. కొమ్మ విరిస్తే పసుపు పాలు కారుతాయి. మెక్సికో ప్రాంతం నుంచి వచ్చి మన దేశమంతా పాకింది. దీన్నే మన ఊళ్ళలో బ్రహ్మదండి అంటారు. దాని గింజలు చిన్నవి, నల్లనివి, గుండ్రనివి. చూపుకు అచ్చం ఆవాలే. కాని వంశం వేరు. అది గసగసాల కుటుంబం. ఆ కుటుంబపు గుర్తు ఘాటు కాదు, ఆల్కలాయిడ్లు. బ్రహ్మదండి గింజలోని సాంగ్వినారిన్ అనే ఆల్కలాయిడ్ విషం. సముద్రాలకు అవతల ఉత్తర అమెరికా అడవుల్లో సాంగ్వినేరియా అనే మొక్క ఉంది. అదీ గసగసాల వంశమే. ఈ విషానికి ఆ పేరు దాని నుంచే వచ్చింది.

ఉత్తరాదిన ఆవచేలలో బ్రహ్మదండి కలుపుగా పెరుగుతుంది. ఆవాలతో పాటే దాని గింజలూ పక్వానికి వస్తాయి. తెలియక కలిసేవి కొన్ని, లాభానికి కలిపేవి కొన్ని. ఆ గింజలు గానుగలో పడితే నూనెలోకి విషం వస్తుంది. ఆ నూనె వాడినవారికి కాళ్ళు వాస్తాయి, ఊపిరి ఆడదు, గుండె దెబ్బతింటుంది. ఇలాంటి జబ్బు 1877లోనే కలకత్తాలో వ్యాపించింది. అసలు కారణం తెలుసుకోవడానికి దశాబ్దాలు పట్టింది. బియ్యం వల్ల వచ్చిందనుకున్నవారు కూడా ఉన్నారు. కారణం తెలిసిన తరవాత కూడా, 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె తిని అరవైమందికి పైగా చనిపోయారు. వేలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ ఇళ్ళలో వంట చేసినవాళ్ళు ఏ పాపమూ ఎరగరు. సీసాలో ఉన్నది పసుపుగానే ఉంది, ఆవ వాసనే వేస్తోంది.

ప్రయోగశాలలో అయితే ఆ నూనెలో గాఢ నత్రికామ్లం కలిపి చూస్తారు. బ్రహ్మదండి నూనె ఉంటే ఎర్రని, నారింజ రంగు పుడుతుంది. మళ్ళీ రసాయనమే సాక్ష్యం. ఇలాంటిదే ఇంకొక మోసం, మిరియాలలో ఎండిన బొప్పాయి గింజలు కలపడం. రెండూ నల్లగా ముడతలు పడి ఉంటాయి. రెండిటికీ ఘాటు ఉంది. మిరియం ఘాటు పైపరిన్‌ది, బొప్పాయి గింజది ఆవ వంశపు ఘాటు. ఆ తేడా నాలుకకు అంత సులువుగా అందదు. నీళ్ళలో పోస్తే మాత్రం మంచి మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది.

మన ఇళ్ళలో వేరుశనగ, నువ్వుల నూనెలే ఎక్కువ కాబట్టి ఆవనూనె భయం మనకెందుకని దక్షిణాది పిల్లలు అనుకోవచ్చు. ఒడిశాలో ఉన్న మన పిల్లల ఇళ్ళలో ఆవనూనె రోజూ వాడతారు. దక్షిణాదినా తాళింపు లేని వంట లేదు, ఆవాలు కొనని ఇల్లు లేదు. చేట వాడే అలవాటు పోయింది గాని, పొట్లం విప్పి పళ్ళెంలో పోసుకుని చూడడానికి ఇప్పటికీ రెండు నిమిషాలు చాలు. భూతద్దం ఉంటే మరీ మంచిది. ఆవగింజ నున్నగా ఉంటుంది. నొక్కి చిదిపితే లోపల పసుపు. బ్రహ్మదండి గింజ పైన వలలాగా గీతలు పడి గరుకుగా ఉంటుంది, లోపల తెలుపు. అలాంటివి కనబడితే నోట పెట్టుకోకండి, మీ అమ్మకు చూపించి ఆ పొట్లాన్ని వంటింట్లోకి రానివ్వకండి.